వావిళ్ల రామస్వామి శాస్త్రులు – అమరకోశ శారీర పదవిద్య

తెలుగుదేశమున సంస్కృతమును గాని ప్రౌఢాంధ్రమును గాని అభ్యసించిన వారిలో వావిళ్లవారి పుస్తకము చేతబట్టనివారు అరుదు. అయినను ఆ పేరు నేటి విద్యార్థికి ఒక ముద్రణ సంస్థకు గుర్తుగా మాత్రమే పరిచితము. ఆ పేరు వెనుకనున్న రామస్వామి శాస్త్రులుగారు (1812–1891) పండితులు, పరిష్కర్తలు, ముద్రాపకులు. ఆయన కృషి బహుముఖమైనది. అందొక భాగము మాత్రమే ఇచట పరిశీలింపబడుచున్నది. అది మానవ శరీరభాగముల పేర్లను నేర్చు విద్యకు ఆయన సంస్థ చేసిన సేవ. విషయము చిన్నదిగా తోచవచ్చును. కాని కావ్యార్థ జ్ఞానమునకును, వైద్యశాస్త్ర ప్రవేశమునకును, నేటి తెలుగు శాస్త్ర పరిభాషకును ఇది మూలమైనది.

ఊరు – ఇంటిపేరు

నెల్లూరు మండలమున పెన్నానదికి ఉత్తరమున, సముద్రతీరమునకు చేరువలో వావిళ్ల అను గ్రామము కలదు. అది నేడు విడవలూరు మండలములోనిది. శాస్త్రులుగారి వంశమునకు ఇంటిపేరైనది ఈ ఊరే. ఒకవైపు పెన్న పారుదలతో పండు వరిపొలములు, మఱియొకవైపు ఇసుకదిబ్బలు, పల్లెకారుల కుప్పములు గల ప్రదేశమిది. మహాభారతమును తెనిగించిన తిక్కన సోమయాజి నడయాడిన నెల్లూరు ఇచటికి దూరము కాదు. సంస్కృత విద్యయు, తెనుగు నుడికారమును ఒకే ఇంట పెరిగిన సీమ యిది. ఈ రెంటి పొత్తు శాస్త్రులుగారి సంస్థ వెలువరించిన గ్రంథములలో స్పష్టముగా గోచరించును.

ఆయన జన్మించిన కాలమున ఈ సీమ ఈస్టిండియా కంపెనీ పాలనలో నుండెను. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో జిల్లాలలోని పాఠశాలల స్థితిని విచారింప నాజ్ఞాపించెను. నెల్లూరు మొదలగు జిల్లాల కలెక్టరులు నివేదికలు పంపిరి. వానిలో 1823 నాటి బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ నివేదిక ప్రసిద్ధమైనది. బాలురు పద్యములను కంఠస్థము చేయుదురే కాని, ఆ కావ్యభాష వ్యవహారభాషకు దూరమగుటచే అర్థము నెఱుగరని ఆయన ఆక్షేపించెను. ఆ ఆక్షేపణలో కొంత సత్యము లేకపోలేదు. వల్లె వేసిన పదమునకు, ఇంట వినబడు పదమునకు నడుమ వంతెన వేయువాడు గురువొక్కడే. గురువు సమర్థుడైనచో అర్థము చేకూరును. కానిచో శబ్దము మాత్రము మిగులును.

వీధిబడిలో అమరము

ఓనమాలు, గుణింతములు ముగిసిన పిమ్మట బాలునకు అమరము చెప్పుట ఆనాటి ఆచారము. అమరసింహుని కృతికి అసలు పేరు నామలింగానుశాసనము. పేరునకు తగినట్లు అది వస్తువుల నామములనే కాక, వాని లింగమును కూడ బోధించును. దంతము పుంలింగము, నాసిక స్త్రీలింగము, ముఖము నపుంసకలింగము. ఒకే మొగమున మూడు లింగములు గల శబ్దములుండుట బాలునకు తర్కమువలన తెలియదు. నోటికి వచ్చిన పాఠమువలననే తెలియును.

అమరమునందు కాండములు మూడు. రెండవ కాండమున భూవర్గము మొదలు శూద్రవర్గము వఱకు పది వర్గములున్నవి. అందాఱవది మనుష్యవర్గము. స్త్రీపురుష నామములు, బంధువాచకములు, రోగనామములు, వైద్యుని పర్యాయములు ముగిసిన పిదప శరీరధాతువులును, అవయవములును వచ్చును. అవయవముల వరుస పాదాగ్రముతో నారంభించి కేశములతో ముగియును. ఈ పాఠమునకు పటమక్కరలేదు. చదువువాని శరీరమే పటము.

పాదాదికేశాంతము

ఆ వరుసను తెలుగు పేర్లతో జతపఱచి చూచినచో దాని సూక్ష్మత తెలియును. పాదపు మొనభాగము ప్రపదము. చీలమండ గుల్ఫము. మడమ పార్ష్ణి. మోకాటికి దిగువది జంఘ, మోకాలు జానువు, తొడ ఊరువు లేక సక్థి. తొడయు పొత్తికడుపును కలియు గజ్జ వంక్షణము. బొడ్డునకు దిగువది వస్తి. కటి, శ్రోణి, నితంబము, జఘనము వేర్వేరుగా చెప్పబడినవి. నడుము వెనుకనున్న రెండు గుంటలు కుకుందరములు. వెన్ను అడుగు భాగము త్రికము. పిదప కుక్షి, వక్షస్సు, పృష్ఠము. మూపు అంసము, దాని సంధి జత్రువు. చంక కక్షము, ప్రక్క పార్శ్వము.

చేతి విషయమున అమరసింహుని విభాగము మఱింత నిశితము. మోచేయి కూర్పరము. దానికి పైభాగము ప్రగండము, దిగువ భాగము ప్రకోష్ఠము. మణికట్టు మణిబంధము. మణికట్టు మొదలు చిటికెనవ్రేలి వఱకు గల అరచేతి వెలుపలి యంచు కరభము. ఈ యంచునకు తెలుగున ఒంటి మాట దొరకదు. ఇంత చిన్న ప్రదేశమునకు ప్రత్యేకమైన పేరుండుట కోశకారుని చూపునకు నిదర్శనము.

వ్రేళ్ల పిదప వానితో కొలుచు కొలతలు వచ్చును. బొటనవ్రేలిని చాచి చూపుడువ్రేలితో కొలిచినది ప్రాదేశము, నడిమివ్రేలితో తాలము, ఉంగరపువ్రేలితో గోకర్ణము, చిటికెనవ్రేలితో వితస్తి. పిడికిలి బిగించిన మూర రత్ని, చిటికెనవ్రేలిని చాచిన మూర అరత్ని. రెండు చేతులను ప్రక్కలకు చాచినంత పొడవు వ్యామము. నెల్లూరు తీరమున త్రాటిని బారలతో కొలుచు పల్లెకారునకును, పూలదండను మూరలతో కొలుచు స్త్రీకిని ఈ కొలతలు కొత్తవి కావు. కొత్తవి సంస్కృత నామములు మాత్రమే.

మెడ వెనుకభాగము కృకాటిక, పెదవుల మూల సృక్వము. తెలుగున దీనిని సెలవి యందురు. కడకన్ను అపాంగము, కనుబొమల నడిమి భాగము కూర్చము. ఇట్లు తల వఱకు పోయిన పాఠము కేశపర్యాయములతో నిలుచును. అంతరవయవములును, ధాతువులును విడువబడలేదు. ప్లీహము, యకృత్తు, క్లోమము, ఆంత్రము, స్నాయువు, మస్తిష్కము మొదలగునవి అదే వర్గమున కలవు. వెన్నెముక కశేరుక, ప్రక్కటెముక పర్శుక అని ఎముకల పేర్లును కలవు. గుహ్యావయవములును ఇతరావయవములతోపాటు అదే వరుసలో, అదే స్వరముతో చెప్పబడినవి. కోశమునకు సిగ్గుపడు అవయవము లేదు.

కావ్యము – వైద్యము

ఈ పదములు నోటికి రానివానికి కావ్యము తెఱచుకొనదు. మేఘసందేశమున విరహకృశుడైన యక్షుని కంకణము జారి ప్రకోష్ఠము బోసిపోయినదని కాళిదాసు వర్ణించెను. ప్రకోష్ఠమునకు గృహభాగమను అర్థమును కలదు. అమరము నెఱిగిన విద్యార్థి తడవుకొనక ముంజేతిని తలచును. నాయికను కరభోరువని సంబోధించు తావుల కరభమునకు ఒంటెపిల్ల యని చెప్పుకొన్నచో కావ్యము హాస్యాస్పదమగును. కరభము అరచేతి యంచని ఎఱిగినచో ఉపమానమందలి క్రమమైన నునుపు, వంపు స్ఫురించును. తెలుగుదేశీయుడైన మల్లినాథసూరి పదే పదే అమరమును ప్రమాణముగా గైకొనుట ఇందువలననే.

వైద్య విద్యార్థికి ప్రయోజనము మఱింత గంభీరమైనది. సుశ్రుతుడు శారీరస్థానమున 107 మర్మములను పేర్కొనెను. గుల్ఫము, జానువు, వస్తి, కుకుందరము, నాభి, కూర్పరము, మణిబంధము, అంసము, కృకాటిక, అపాంగము మొదలగునవి మర్మముల పేర్లు. ఇవన్నియు అమరమున అవయవ నామములే. కాగా వీధిబడిలో అమరము వల్లించిన బాలుడు తెలియకయే శారీరశాస్త్రమున మొదటి పాఠము నేర్చినవాడగును. అయితే కోశమే చాలునన్నచో ప్రమాదము. అమరమున కూర్చము కనుబొమల నడుమ నుండగా, సుశ్రుతుని కూర్చమర్మము కాలుసేతులయందున్నది. అట్లే నాడి, ధమని, సిర అమరమున పర్యాయములు. సుశ్రుతుడు ధమనులు సిరలకంటె వేరని వాదించి స్థాపించెను. పేరు నేర్చుట ద్వారము మాత్రమే. శాస్త్రము ఆ ద్వారమునకు లోపల నున్నది.

ముద్రాక్షరశాల

తాటియాకులపై గంటముతో వ్రాసిన ప్రతులలో ఈ పాఠము తరతరములుగా నడచినది. ప్రతికి ప్రతికి భేదములు పుట్టుట సహజము. 1835లో సర్ చార్లెస్ మెట్కాఫ్ ముద్రణపై నిర్బంధములను తొలగించిన పిదప దేశీయులు స్వేచ్ఛగా ముద్రణాలయములు నెలకొల్పుటకు వీలు కలిగెను. చెన్నపట్టణము తెలుగు ముద్రణకు కేంద్రమయ్యెను. 1852లో సి. పి. బ్రౌను తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. 1853లో చిన్నయసూరి నీతిచంద్రిక ప్రకటితమయ్యెను. ఆ మఱుసటి యేడు, 1854లో, రామస్వామి శాస్త్రులుగారు చెన్నపట్టణమున హిందూ భాషా సంజీవిని అను ముద్రాక్షరశాలను స్థాపించిరి. తరువాత అది ఆదిసరస్వతీ నిలయమను పేర ప్రసిద్ధి కెక్కెను.

నలువది రెండేండ్ల వయసున పండితుడొకడు ఈ పనికి పూనుకొనుట సామాన్యము కాదు. సంస్కృత గ్రంథములను తెలుగు లిపిలో ముద్రించుట ఈ సంస్థ అనుసరించిన మార్గము. దేవనాగరి నెఱుగని తెలుగు విద్యార్థికి దీనివలన సంస్కృత వాఙ్మయము చేతికందెను. ఇతిహాస పురాణములు, కావ్యనాటకములు, వ్యాకరణ వైద్య గ్రంథములు, తెలుగు ప్రబంధములు క్రమముగా ఆ అచ్చుల మీదుగా వెలువడినవి. ఆ సంస్థ పలుమార్లు ప్రచురించిన వానిలో తెలుగు టీకతో కూడిన అమరకోశ మొకటి. గురుబాలప్రబోధిక యను ఆ టీక పేరే దాని ప్రయోజనమును తెలుపును. గురువునకును బాలునకును అది తోడు. తెలుగువాడైన లింగయసూరి సంస్కృతమున రచించిన అమరపదవివృతి పండితులకు ఉపకరింపగా, ఈ తెలుగు టీక చదువు మొదలిడిన వారికి ఉపకరించెను.

పుటయందు పైన మూలము, దిగువన ప్రతిపదమునకు తెలుగు. గుల్ఫమునకు చీలమండ, వంక్షణమునకు గజ్జ. క్యాంబెల్ చూపిన లోపమునకు ఇంతకంటె సరియైన సమాధానము లేదు. గురువు నోట మాత్రమే నున్న వంతెన ఇప్పుడు కాగితము మీదికి వచ్చెను. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహము వంటి పద్య నిఘంటువులను కూడ ఆ సంస్థ ప్రచురించుటచే దేశ్యనామములకును కోశప్రతిష్ఠ నిలిచెను.

ఒక్క అక్షరము

శారీరపదముల ముద్రణలో పరిష్కర్తకు గల బాధ్యత ఇతర గ్రంథములలో కంటె తీవ్రమైనది. గుల్ఫము చీలమండ, గుల్మము ప్లీహము. ఫకారము మకారమైనచో కాలిమడమ దగ్గరి సంధి కడుపులోని అవయవముగా మాఱును. కూర్పరము మోచేయి, కర్పరము పుఱ్ఱె. ఒక్క దీర్ఘ ఉత్వము జారినచో మోచేయి తలకెక్కును. పార్ష్ణి మడమ, పార్శ్వము ప్రక్క. అంసము మూపు, అంశము భాగము. జంఘ మోకాటికి దిగువది, జఘనము మొలభాగము. కావ్యమున ఇట్టి తప్పు రసభంగముతో పోవును. వైద్యగ్రంథమున అది రోగి శరీరముమీద పడును.

వ్రాతప్రతి తప్పు ఆ ప్రతి చదివిన కొలదిమందిని మాత్రమే తప్పుదారి పట్టించును. అచ్చు తప్పు ఒకేసారి అన్ని ప్రతులలోను వ్యాపించును. కనుక సీసపు అచ్చుల కూర్పును సరిచూచు పండితుని చూపు గురువు చూపునకు సమానము. ముద్రాపకుడే పండితుడగుట శాస్త్రులుగారి సంస్థకు కలిగిన విశేషము. వావిళ్ల ప్రతి యన్న మాట సుపరిష్కృత ప్రతి యను అర్థమున వాడుకలోనికి వచ్చుటకు ఇదియే కారణము.

రెండు విద్యాశాలలు

అదే చెన్నపట్టణమున 1835లో ప్రభుత్వ వైద్య పాఠశాల వెలసి, 1850లో కళాశాలయైనది. అచట శరీరశాస్త్రము ఇంగ్లీషు ద్వారమున, లాటిను గ్రీకు పదములతో బోధింపబడెను. మృతశరీర పరిచ్ఛేదము అందు ప్రత్యక్ష ప్రమాణము. వీధిబడి అమరమున పదసంపద యున్నది, పరిచ్ఛేదము లేదు. వైద్య కళాశాలయందు పరిచ్ఛేదమున్నది, దేశభాషా పదము లేదు. ఒకే నగరమున ఈ రెండును ఒకదానికొకటి దూరముగా నడచినవి.

ఈ దూరమును తగ్గించు యత్నము శాస్త్రులుగారి మరణానంతరము జరిగెను. 1913లో కలకత్తాలో గణనాథసేనుడు ప్రత్యక్షశారీరమను సంస్కృత గ్రంథమున నవీన శరీరశాస్త్రమునకు సంస్కృత పరిభాష కూర్చెను. 1925లో మద్రాసున ప్రభుత్వ దేశీయ వైద్య పాఠశాల ఆరంభమయ్యెను. ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో యల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికాకు పోవుటకు పూర్వము శరీరశాస్త్రమును బోధించెను. చరకుడు 360, సుశ్రుతుడు 300 అని లెక్కించిన ఎముకలను 206గా ఎంచు నవీనశాస్త్రము, ప్రాచీన నామములు ఒకే తరగతిలో కలిసికొన్న కాలమది. అట్టి కలయికకు కావలసిన పదములు తెలుగు విద్యార్థి నాలుకపై అప్పటికే యుండుటకు అచ్చైన అమరము ఒక ముఖ్య హేతువు.

తదనంతరము

శాస్త్రులుగారు 1891లో కీర్తిశేషులైరి. అప్పటికి బాలుడైన కుమారుడు వేంకటేశ్వర శాస్త్రులు పెద్దవాడై సంస్థను వృద్ధిపఱచి, వావిళ్ల రామస్వామి శాస్త్రులు అండ్ సన్స్ అను పేర నడిపి, 1956లో మరణించెను. తండ్రి పేరు ముఖపత్రమున నిలిచియే యుండెను.

ఆ కాలమున సంస్థకు ఒక పరీక్ష ఎదురయ్యెను. తంజావూరి ప్రతాపసింహుని ఆస్థానమునకు చెందిన ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరింపగా వావిళ్లవారు 1910లో ప్రచురించిరి. 1911లో అది అశ్లీలమని ప్రభుత్వము ప్రతులను పట్టుకొని నిషేధించెను. దశాబ్దములు గడచిన పిదప, టంగుటూరి ప్రకాశము పంతులుగారి చొరవతో నిషేధము తొలగెను. 1952లో వావిళ్లవారు దానిని మరల వెలువరించిరి. బాలుడు గురువు నెదుట వల్లించు కోశమున నిస్సంకోచముగా నున్న అవయవ నామములు, స్త్రీ రచించిన కావ్యమున ప్రవేశించినంతనే దోషములైనవి. పదమున దోషము లేదు. దానిని చూచు కాలమున భేదమున్నది. రెంటిని ఒకే అచ్చుతో ముద్రించిన సంస్థ ఈ సత్యమును వాదముతో గాక గ్రంథములతో నిలిపెను.

ఉపసంహారము

నేటి తెలుగు జీవశాస్త్ర పాఠ్యగ్రంథములలో కశేరుకలు, పర్శుకలు, జత్రుక, శ్రోణి, ప్లీహము, క్లోమము, మస్తిష్కము, ధమని, సిర, నాడి యను పదములు కలవు. ముంజేతి ఎముకలు రెండును రత్ని, అరత్ని యను పేర్లతో నున్నవి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి వంటి సంస్థల కృషితో ఇవి తరగతి గదులలో స్థిరపడినవి. పూర్వము పర్యాయములైన ధమని, సిర, నాడి నేడు మూడు వేర్వేరు నిర్మాణములకు పేర్లయినవి. మూర కొలతలైన రత్ని, అరత్ని ఎముకలైనవి. ఈ మార్పు భాషకు హాని కాదు, వృద్ధియే. కాని ఆ పదము ఎచటినుండి వచ్చినదో ఎఱుగని విద్యార్థికి అది లాటిను పదమంత పరాయిదే. రెండువందల యేండ్ల క్రిందట క్యాంబెల్ చూపిన దోషమే వేఱు రూపమున తిరిగి వచ్చినట్లగును.

మఱియొక నష్టమును కలదు. సెలవి, కణత, గజ్జ, మూపు, డొక్క, పిక్క మొదలగు దేశ్యపదములు పాఠ్యగ్రంథములలో అరుదు. రోగి తన బాధను చెప్పుకొనునది ఈ మాటలతోనే. పర్శుకను నేర్చి డొక్కను మఱచిన వైద్యుడు నెల్లూరు తీరపు పల్లెలో రోగి మాటను సగమే వినగలడు.

సంస్కృత నామమును ఇంటి పేరుతో ఒకే పుటపై నిలుపుట రామస్వామి శాస్త్రులుగారి సంస్థ పాటించిన పద్ధతి. అందలి మర్మము సరళమైనది. పెద్ద పదము చిన్న పదమును తొలగింపదు. చిన్న పదము చేయి పట్టుకొని పెద్ద పదము నిలుచును. పెన్నాతీరపు ఊరి పేరును గ్రంథముల ముఖపత్రములపై శాశ్వతము చేసిన ఆ పండితుని నుండి నేటి పరిభాషాకర్తలు గ్రహింపవలసిన పాఠము ఇదియే. శరీరశాస్త్రమును తెలుగున బోధించు ప్రతి పుస్తకమునను గుల్ఫము ప్రక్కన చీలమండ, వంక్షణము ప్రక్కన గజ్జ అచ్చైననాడు ఆయన 1854లో ఆరంభించిన పని ముందునకు సాగినట్లగును.